తుఫాను వెలిసిన తరువాత: దానమా, కూలియా?

తుఫాను వచ్చి పోయిన మరునాటి ఉదయమున ఏ ఊరిలోనైనను ఒక విడ్డూరము కనబడును. ఎటు చూచినను పనియే. కూలిన చెట్లు తొలగింపవలెను, పూడిన కాలువలు త్రవ్వవలెను, ఎగిరిపోయిన కప్పులు తిరిగి వేయవలెను, చచ్చిన పశువులను పూడ్చవలెను, మంచినీటి బావులలో చేరిన ఉప్పునీరు తోడిపోయవలెను. ఇంత పని ఆ ఊరికి ఏ కోతల కాలమునను ఉండదు. అయినను ఆ ఉదయమున అక్కడ ఒడలు వంచగల ప్రతి మనిషియు పనిలేనివాడే. పొలము మునిగినది కనుక రైతు కూలిని పిలువడు. వల కొట్టుకొనిపోయినది కనుక జాలరి సముద్రము మీదికి పోడు. బజారు మూతపడినది కనుక తోపుడుబండివానికి బేరము లేదు. పని కొండంత ఉన్నది, చేయు చేతులున్నవి, కూలి ఇచ్చు చేయి మాత్రము లేదు.

ఆ చేయి ప్రభుత్వముది కావలెనని మా అభిప్రాయము. తుఫాను బాధితునికి ప్రభుత్వము చేయగల మేళ్లలో ఉత్తమమైనది అతని ఊరిని అతనిచేతనే బాగు చేయించి, అందులకు నిండు కూలి చెల్లించుట. మొదటి వారము అన్నపు పొట్లము, మంచినీరు, దుప్పటి ప్రాణము నిలుపును. వానిని తక్కువ చేసి మాటలాడుట మా ఉద్దేశము కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినపుడు సర్కారు లెక్కలలోనే పదివేలమంది మరణించినారు. ఆనాడు పేరుగాంచిన సినిమా నటులు సైతము జోలె పట్టి వీధులలో తిరిగి విరాళములు సేకరించినారు. ఆ ఔదార్యమును తెలుగువారు నేటికిని తలచుకొనుచున్నారు. అయితే పొట్లములు పంచు లారీ వెనుదిరిగిన తరువాత మిగిలిన నెలల సంగతి ఏమి? ఆ నెలలలోనే అధిక వడ్డీకి అప్పు పుట్టును, ఇంటిలోని ఇత్తడి బిందె తాకట్టుకు పోవును, పిల్లవాడు బడి మానును, కుటుంబము మూటాముల్లె కట్టి పట్నము దారి పట్టును. గాలికి కూలని సంసారము ఆ నెలలలో కూలుచున్నది.

ఈ విషయమున అమెరికా సంయుక్త రాష్ట్రముల అనుభవము పరిశీలింపదగినది. మనము తుఫాను అనుదానినే ఆ తీరమున హరికేను అందురు. అది ధనిక దేశమే. అయినను హరికేను తరువాత పని కోల్పోయిన కూలివాడు అక్కడను ఉన్నాడు. అతనికి ప్రభుత్వ ధనముతో తాత్కాలికముగా పని కల్పించుటకు అక్కడ చట్టములోనే ఏర్పాటు కలదు. 2014లో చేసిన కార్మిక శిక్షణ, ఉపాధి చట్టములోని 170వ సెక్షను ప్రకారము, పెద్ద విపత్తు ప్రకటింపబడినపుడు రాష్ట్రము కేంద్ర కార్మికశాఖకు దరఖాస్తు చేసికొనును. మంజూరైన సొమ్ము రాష్ట్రము ద్వారా స్థానిక ఉపాధి మండలులకు చేరును. ఆ మండలులు మనుషులను చేర్చుకొని పనికి పంపును. అంతకుముందు 1998నాటి చట్టము క్రింద ఇదే ఏర్పాటు అత్యవసర గ్రాంటు అను పేరుతో ఉండెడిది. మన తెలుగువారు వేలాదిగా స్థిరపడిన హ్యూస్టన్ నగరమును 2017లో హార్వీ హరికేను ముంచినపుడు టెక్సస్ రాష్ట్రమునకు ఈ పద్దు క్రింద 3 కోట్ల డాలర్ల వరకు మంజూరు చేసినారు. 2024 సెప్టెంబరులో హెలీన్ వచ్చి నార్త్ కెరోలినా కొండ ఊళ్లను తుడిచిపెట్టినపుడును ఈ గ్రాంటునే వినియోగించినారు.

ఈ చట్టములో మమ్ము ఆకర్షించినది డాలర్ల మొత్తము కాదు, దాని నిబంధనలలోని ఆలోచన. శిథిలములు తొలగించుట, కూలిన కట్టడములు బాగు చేయుట మాత్రమే పని అని ఆ చట్టము తలంపలేదు. బాధితులకు అన్నము వండి పెట్టుట, బట్టలు చేర్చుట, తలదాచుకొను చోట్లు నడుపుట కూడ కూలి ఇయ్యదగిన పనులే అని స్పష్టముగా వ్రాసినది. కనుక పార పట్టలేని స్త్రీకి, వయసు మళ్లినవానికి కూడ అందులో చోటున్నది. రెండవది, అదే యజమాని క్రింద అటువంటి పని చేయువారికి ఎంత ఇత్తురో ఈ తాత్కాలిక కార్మికునికిని అంతే ఇయ్యవలెను. మూడవది మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది. ఒకరి క్రింద జీతమునకుండి ఉద్యోగము పోయినవారికే కాక, స్వంత వృత్తి చేసికొనుచు తుఫాను వలన ఆ వృత్తి దెబ్బతిన్నవారికి కూడ ఈ పనిలో చేరు అర్హత ఇచ్చినారు. ఈ మాటకు మరల వత్తుము.

అమెరికావారికి ఈ తెలివి ఒక్కనాట రాలేదు. మిక్కిలి చేదైన పాఠము నేర్చియే వచ్చినది. ఆర్థిక మాంద్యపు దినములలో, మొదటి ప్రపంచ యుద్ధములో పోరాడి ఇంటికి వచ్చి పని దొరకక తిరుగుచున్న మాజీ సైనికులు కొన్ని వందలమందిని ప్రభుత్వము ఫ్లోరిడా దక్షిణపు కొసనున్న కీస్ ద్వీపములకు పంపి, రహదారి వంతెనల పనిలో పెట్టినది. వీరిలో పలువురు 1932లో తమ బోనసు కొరకు వాషింగ్టనుకు నడచివచ్చి తరిమివేయబడినవారే. సముద్రమునకు అడుగుల ఎత్తున మాత్రమే ఉన్న ఆ దీవులలో వారికి నివాసము గుడారములు, పలుచని చెక్క పాకలు. 1935 సెప్టెంబరు 2వ తేదీ. ఆ దేశమున ఆ దినము కార్మికుల పండుగ. ఆ రాత్రి వచ్చిన హరికేను, వాయుపీడనమును బట్టి చూచిన, అమెరికా నేలను తాకిన తుఫానులలో నేటికిని అత్యంత తీవ్రమైనది. వారిని తరలించుటకు మయామీ నుండి పంపిన రైలు ఆలస్యముగా చేరినది. చేరిన రైలు పెట్టెలను అల పట్టాల మీదినుండి త్రోసివేసినది. నాలుగు వందలకు పైగా మృతులలో సగమునకు మించి ఈ కూలి సైనికులే. అప్పట్లో కీ వెస్టులో నివసించుచున్న నవలాకారుడు హెమింగ్వే ఆ శవములను కన్నులార చూచి, వీరిని చంపినదెవరని నిలదీయుచు పత్రికలో వ్యాసము వ్రాసినాడు. ఇది ప్రకృతి చేసిన పని అని తప్పించుకొనజూచిన అధికారులకు ఆ ప్రశ్న రుచింపలేదు.

1937లో ఇస్లమొరాడా అను చోట మృతులకు ఒక స్మారకము నిలిపినారు. దానిని కట్టినవారెవరు? నిరుద్యోగులకు పని కల్పించుటకై రూజ్వెల్టు ప్రభుత్వము 1935లో స్థాపించిన మరియొక తాత్కాలిక ఉపాధి సంస్థ కూలీలే. తాత్కాలిక కూలీల గోరీకి తాత్కాలిక కూలీలే రాళ్లెత్తినారు. ఆ సంస్థ 1943 వరకు నడచి సుమారు 85 లక్షలమందికి పని ఇచ్చినది. 1938 సెప్టెంబరు 21న న్యూ ఇంగ్లండు ప్రాంతమును హరికేను ధ్వంసము చేసినపుడు, చెట్లు తొలగించి దారులు తెరచుటకు ముందుగా దిగినవారు ఆ సంస్థ మనుషులే. పనివారి పట్టీలు, మేస్త్రీలు, పనిముట్లు ముందే సిద్ధముగా ఉండుట వలన వారిని మరునాడే దింపగలిగినారు. తుఫాను వచ్చిన తరువాత కమిటీ వేసి, కమిటీ నివేదిక వచ్చిన తరువాత పారలు కొనువారు ఈ సంగతి గమనింపవలెను.

అమెరికాను ఆదర్శముగా నిలుపుచున్నామని ఎవరును అపోహపడవలదు. ఆ దేశమే ఈ విషయములో ఎంత దిగజారగలదో 2005 చూపినది. ఆ సంవత్సరము ఆగస్టు 23న మన లోక్‌సభ గ్రామీణ ఉపాధి హామీ చట్టమును ఆమోదించినది. ఆగస్టు 29న కత్రినా హరికేను న్యూ ఆర్లియన్సు నగరమును ముంచినది. సెప్టెంబరు 5న మన రాష్ట్రపతి ఆ చట్టముపై సంతకము చేసినారు. సెప్టెంబరు 8న అమెరికా అధ్యక్షుడు బుష్, కత్రినా దెబ్బతిన్న ప్రాంతములలో 1931నాటి డేవిస్-బేకన్ చట్టమును నిలిపివేసినాడు. ప్రభుత్వ కట్టడపు పనులలో కూలి ఆ ప్రాంతపు వాడుక రేటుకు తగ్గరాదని శాసించు చట్టమది. మూడు దినముల తేడాలో పేద దేశము కూలికి హామీ వ్రాసికొన్నది, ధనిక దేశము కూలికి ఉన్న హామీని కొట్టివేసినది. ఇల్లు పోయి, ఉద్యోగము పోయి, శిబిరములో నున్నవానికి ఇక మిగిలినది తన కూలి రేటు. దానినే తగ్గించుట కాంట్రాక్టరునకు తప్ప ఎవరికి మేలు? ఆ దేశమున తీవ్రమైన విమర్శ రాగా రెండు నెలలకు, నవంబరు 8 నుండి, చట్టమును తిరిగి అమలులోనికి తెచ్చినారు. ఆ రెండు నెలలలో కుదిరిన ఒప్పందముల మాట చరిత్రకే వదలుదము.

ఆ కత్రినా తరువాతనే చమురు బావుల వేదికలు బాగు చేయు పనికై మన దేశమునుండి సుమారు 500 మంది వెల్డర్లను, ఫిట్టర్లను ఒక నౌకా నిర్మాణ సంస్థ తీసికొనిపోయినది. ఒక్కొక్కరు పదివేల డాలర్లు, అంతకు మించియు ఏజెంట్లకు చెల్లించి, స్థిర నివాసపు హక్కు లభించునను ఆశతో వెళ్లినారు. చేరిన తరువాత కంచె వేసిన శిబిరములలో ఒక్కొక్క గదికి ఇరువదిమందికి పైగా కుక్కి, అందులకు దినమునకు 35 డాలర్లు జీతమునుండి కోసినారు. 2008లో వారు పని మాని ఊరేగింపుగా నడచినారు. 2015లో న్యూ ఆర్లియన్సు జ్యూరీ వారిలో అయిదుగురికి 1 కోటి 40 లక్షల డాలర్లకు పైగా పరిహారము తీర్పు ఇచ్చినది. స్థానికుడు పని లేక కూర్చుండగా దూరదేశపు మనిషిని అప్పులపాలు చేసి తెచ్చి ఇరువురిని ముంచుట అనగా ఇదియే. గల్ఫు దేశములలో కుమారులున్న తల్లిదండ్రులు మన కళాశాల విద్యార్థుల ఇండ్లలో ఎందరో కలరు. వారికి దీనిని వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

ఇక మన చరిత్రను చూతము. ఆపత్కాలమున పని కల్పించి కూలి ఇచ్చుట మనకు కొత్త కాదు. 1784 ప్రాంతమున అవధ్‌లో కరువు వచ్చినపుడు నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబాడా నిర్మాణము చేపట్టి వేలాది ప్రజలకు పని కల్పించినాడు. పగలు సామాన్యులు కట్టినదానిని రాత్రివేళ గొప్ప ఇండ్లవారు వచ్చి పడగొట్టి కూలి తీసికొనిపోయెడివారని, వారి ముఖములు ఎవరికిని కనబడకుండుటకే చీకటి పని ఏర్పాటు చేసినారని జనశ్రుతి. నిజమెంతో కాని, ఆ కథను కల్పించిన ప్రజలకు ఒక సంగతి తెలియును: ఆకలిగొన్నవానికి మానము కూడ ఉండును. మన పెద్దలు ఆ నవాబును గూర్చి, ‘జిస్కో న దే మౌలా, ఉస్కో దే ఆసఫుద్దౌలా’ అందురు. దేవుడు ఇయ్యనివానికి ఆసఫుద్దౌలా ఇచ్చునని భావము. వినుటకు ఇంపుగానే ఉన్నది. కాని నవాబు మనసు మంచిది కాకపోయిన ఏమయ్యెడిది? దొర దయ మీద ఆధారపడిన కూలి ఎట్లుండునో మన తెలుగుదేశము దాదాపు నూరేండ్ల తరువాత చూచినది.

1876–78నాటి ధాత కరువులో మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలో వయోజన పురుషునికి దినమునకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని నిర్ణయించినాడు. పౌను అనగా అరకిలోకు తక్కువ. ఆ తిండితో మట్టి మోయు మనిషి బ్రతుకడని మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు కార్నిష్ ఎదిరించి వ్రాసినాడు. కూలీలు సైతము శిబిరములలో పని మాని ఎదురు తిరిగినారు. కొన్ని నెలలకు రేటు పెంచినారు. ఈలోపల పోయినవారు పోయినారు. చెన్నపట్టణము గుండా పోవు బకింగ్‌హామ్ కాలువ భాగమును త్రవ్వినది ఆ కరువు కూలీలే. అర్ధాకలి మనుషులు త్రవ్విన ఆ కాలువ మీదుగా ఆ తరువాత ఎన్నో దశాబ్దములు మన కోస్తా ధాన్యము పడవలలో పోయినది. ఆపత్కాలపు పని వ్యర్థమైన పని అనువారు ఆ కాలువ గట్టున ఒకసారి నిలిచి చూడవలెను. తగ్గవలసినది పని కాదు, తగ్గరానిది కూలి.

మన మతసంప్రదాయములోను ఈ వివేకము కలదు. యాచింపవచ్చిన ఒక అన్సారీతో ప్రవక్త (స) అతని ఇంటిలోని కప్పుకొను వస్త్రమును, నీరు త్రాగు పాత్రను తెప్పించి, తామే వేలము వేసి, వచ్చిన రెండు దిర్హములలో ఒకటి ఇంటి భోజనమునకు, ఒకటి గొడ్డలికి ఖర్చు చేయించి, కట్టెలు కొట్టుకొనుటకు పంపిన వృత్తాంతము హదీసు గ్రంథములలో కలదు. విద్యార్థులు దీనిని చిన్ననాటనే వినియుందురు. ఇందులో తరచుగా మరచునది ఆ మొదటి దిర్హము. ముందు ఇంటిలో అన్నము, తరువాత గొడ్డలి. అన్నము పెట్టి గొడ్డలి మరచుట మన విరాళ సంఘముల లోపము. అన్నము పెట్టకనే పని చేసికొమ్మని ఉపన్యసించుట ధనికుల లోపము. పనివాని చెమట ఆరకముందే కూలి చెల్లింపవలెనను బోధనైతే మన సభలలో ఎన్ని పర్యాయములు వినలేదు! వినిన చెవులు గల యజమానులెందరో మాత్రము మాకు అనుమానమే.

ఇప్పుడు స్వంత వృత్తివారి మాటకు వత్తుము. 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకము కుటుంబమునకు సంవత్సరమునకు 100 దినముల పనికి హక్కు ఇచ్చినది. కరువు గాని, ప్రకృతి విపత్తు గాని ప్రకటింపబడిన చోట్ల అదనముగా 50 దినములకు అవకాశము కల్పించినారు. పదునైదు దినములలో కూలి చెల్లింపవలెనని, పని అడిగిన పదునైదు దినములలో చూపనిచో భృతి ఇయ్యవలెనని అందులో వ్రాసినారు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానమున 125 దినములతో వేరొక చట్టము చేసినది. దినముల సంఖ్య పెరిగినది, సంతోషమే. అయితే పాత చట్టమును, కొత్త చట్టమును పల్లెకే. పట్నము ఎల్లకు ఇవతల హక్కు లేదు. తుఫానుకు మాత్రము మునిసిపాలిటీ సరిహద్దు తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్టణము మీదికే వచ్చినది.

మన సమాజములోని పేదలలో అధికభాగము ఈ ఎల్లకు ఇవతలనే నివసించుచున్నారు. పరుపులు కుట్టు దూదేకుల సాయిబునకు వానలో దూది తడిసిన పెట్టుబడియే పోవును. పెడన, చీరాల నేతగానికి మగ్గపు గుంటలో నీరు నిండిన నెల దినములు ఆట కట్టు. దర్జీకి కరెంటు లేదు, పండ్ల బండివానికి సరుకు లేదు, రిక్షావానికి బాట లేదు. వీరిలో ఎవరిని అడిగినను తాను కూలివాడనని చెప్పడు. తనకొక పని ఉన్నదనియే చెప్పును. అందువలననే కూలీల పట్టీలో వారి పేరు ఉండదు, వ్యాపారుల నష్టపరిహారపు పట్టీలోను ఉండదు. అమెరికా చట్టములోని మూడవ నిబంధన ఇటువంటివారి కొరకే. తుఫాను దెబ్బతిన్న పట్టణములలో స్వంత వృత్తివారికి కూడ కొన్ని నెలలు ప్రభుత్వ కూలిపనికి హక్కు ఇచ్చు చట్టము మనకు కావలెను. దర్జీచేత పార పట్టించుమని మేము అనుటలేదు. శిబిరములకు దుప్పట్లు, బడిపిల్లలకు బట్టలు కుట్టించవచ్చును. దూదేకులవారిచేత ఆసుపత్రి పరుపులు బాగు చేయించవచ్చును. పరదా పాటించు స్త్రీలకు కుట్టుపని ఇంటికే పంపవచ్చును.

దీనికి ఆక్షేపణలు వినుచున్నాము. యంత్రము ఒక పూటలో చేయుపనికి నూరుమంది ఎందుకని కొందరందురు. పెద్ద రహదారికి అడ్డముగా పడిన మ్రానును యంత్రమే తీయవలెను; అంబులెన్సు ఆగరాదు గదా. కాని వీధి కాలువలోని బురద, బడి గదిలోని ఇసుక, బావిలోని ఉప్పునీరు, కప్పు మీది పెంకు, వీనికి చేతులే తగినవి. మస్టర్లలో దొంగపేర్లు వ్రాయుదురని మరికొందరందురు. వ్రాసినారు, కాదనము. కాని దానికి మందు కూడ మన రాష్ట్రము అమలు చేసి చూపినది. ఉపాధి హామీ పనులలో మస్టరును ఊరి నడుమ పదుగురి యెదుట చదివి వినిపించు సామాజిక తనిఖీని 2006 నుండి ఆంధ్రప్రదేశ్ నడిపినది. ఇతర రాష్ట్రములు దానిని చూచి నేర్చుకొన్నవి. దొంగ లెక్కకు భయపడి పనియే మానుట, నల్లులకు భయపడి ఇల్లు కాల్చుకొనుట వంటిది.

బరువైన ఆక్షేపణ మరియొకటి కలదు. తాత్కాలికపు పని ముగిసిన తరువాత ఏమి? 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళము ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టము చేసినది. అంతకుముందు 1996 నవంబరులో కోనసీమ కొబ్బరికిని ఇదే గతి పట్టినది. కొబ్బరి మొక్క నాటి కాపు చూచుటకు ఏండ్లు పట్టును. పడిన చెట్లు తీయు పని కొన్ని నెలలలో ముగియును. ఆ తోటలో దింపు తీసి, పీచు ఒలిచి బ్రతికినవాని ఆకలి ముగియదు. అమెరికా చట్టము కూడ ఒక మనిషికి ఒక విపత్తులో 12 నెలలకు మించి పని ఇయ్యదు. రాష్ట్రము కోరిన మరి 12 నెలలు పొడిగింపవచ్చును. అయితే ఆ గ్రాంటులోనే వేరు పని నేర్పు శిక్షణకు కూడ వీలున్నది. మన పథకములలో కొరవడినది ఆ అతుకు. చెట్లు తీసిన చేతులచేతనే నారుమళ్లు పెంచించుట, మడ అడవులు నాటించుట, తుఫాను ఆశ్రయ భవనములకు ఏటేట మరమ్మతు చేయించుట వంటి పనులు చేర్చిన, ఒక పని ముగియునాటికి మరియొక పని తలుపు తెరచియుండును. ఎన్ని చేర్చినను ఉద్దానపు నష్టమును ఏ కూలియు పూర్తిగా పూడ్చలేదనియు ఒప్పుకొనవలెను. అక్కడ పరిహారము, ఋణమాఫీ వేరుగా ఇయ్యవలసినవే.

చట్టసభలు చేయవలసినది అటుండనిండు. మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. కోస్తాలో తుఫాను వచ్చినపుడెల్ల మనము చందాలు వసూలు చేయుచున్నాము. బియ్యము, పాత బట్టలు, రొట్టెలు లారీలో పంపుచున్నాము. బట్టల మూటలలో చిరుగు లేనివి ఎన్ని ఉండునో మూట కట్టిన విద్యార్థులకే తెలియును. ఇకమీదట వసూలైన సాధారణ చందాలో సగము బియ్యమునకు, సగము కూలికి కేటాయింపవలెనని మా సూచన. జకాతు సొమ్ము పనికి బదులుగా ఇయ్యతగినది కాదు గనుక దానిని వేరు పద్దున ఉంచి, పని చేయలేని వృద్ధులకు, వితంతువులకు నేరుగా అందజేయవలెను. కూలి పద్దుతో ఏదో ఒక బస్తీని ఎన్నుకొని, అక్కడి బడిని, కాలువను, మసీదు ప్రక్క బావిని, గుడి ముందటి బాటను ఆ బస్తీవారిచేతనే బాగు చేయింపవచ్చును. కూలి ప్రభుత్వము ప్రకటించిన కనీస వేతనమునకు తగ్గరాదు.

విద్యార్థులారా, మీలో జాతీయ సేవా పథకములో చేరినవారు శిబిరములకు పోయి ఉత్సాహముతో పార పట్టుచున్నారు. మీ ఉత్సాహము మెచ్చదగినదే. కాని మీరు ఉచితముగా చేసిన పని, ఆ వీధి అరుగు మీద కూర్చుండి చూచుచున్న మనిషికి రెండు దినముల కూలి కావచ్చును. పార అతనికి వదలుడు. మీ చదువుతో చేయవలసిన పని వేరే కలదు: పట్టీ వ్రాయుట, కొలతలు తీయుట, నష్టపరిహారపు దరఖాస్తులు నింపుట, తడిసిపోయిన రేషను కార్డులకు నకళ్లు తెప్పించుట. ఉర్దూ మాత్రమే తెలిసిన ముసలమ్మకు తహశీల్దారు కార్యాలయపు తెలుగు కాగితమును చదివి చెప్పగలవారు ఈ జిల్లాలో మీకంటె ఎవరున్నారు?

వచ్చు అక్టోబరునకు ముందే కమిటీ ఒక తీర్మానము చేసి, ఇరువది పారలు, ఇరువది తట్టలు, పది గునపములు, రెండు కుట్టుమిషన్లు, ఒక పట్టీ పుస్తకము కొని కళాశాల స్టోరు గదిలో ఉంచిన చాలును. పని జరుగునపుడు ప్రతి శనివారము సాయంకాలము అసర్ నమాజు తరువాత కూలి చెల్లించి, పేరు, దినములు, మొత్తము ఉర్దూలోను తెలుగులోను వ్రాసిన కాగితమును ఆ బస్తీ మొగనే అంటింపవలెను.